భవన నియంత్రణ వ్యవస్థల్లో అలారాల నిర్వహణ: తెర మీది హెచ్చరిక చేయవలసిన పనిగా మారాలంటే

ఎయిర్ కండిషనింగ్, పంపులు, జనరేటర్లు, లిఫ్టులు, నీటి ట్యాంకులు, విద్యుత్ ప్యానెళ్లు అన్నింటి స్థితినీ ఒకే తెర మీద చూపించే వ్యవస్థను భవన నిర్వహణ రంగంలో అందరూ బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అనే పిలుస్తారు. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీలోనో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో ఉన్న పెద్ద ఆఫీసు భవనంలో ఈ వ్యవస్థకు ఉష్ణోగ్రతలు, పీడనాలు, మోటార్ల స్థితులు, ట్రిప్ సంకేతాలు వేల సంఖ్యలో అనుసంధానమై ఉంటాయి. వాటిలో ఏది హద్దు దాటినా అలారం నమోదవుతుంది. అలారం పేజీ తెరిస్తే ఎవరూ ముట్టుకోని ఎర్ర వరుసలు వందల కొద్దీ కనిపించడం, వాటిలో కొన్ని నెలల కిందటివి కావడం చాలా భవనాల్లో మామూలైపోయింది. అలాంటి చోట షిఫ్టులో ఉన్న ఆపరేటర్ క్రమంగా ఆ పేజీ చూడటమే మానేసి, ఫోన్‌లో వచ్చే ఫిర్యాదుల మీద ఆధారపడతాడు. ఐదో అంతస్తులో ఉక్కగా ఉందని ఎవరో ఫోన్ చేసేదాకా అక్కడికి చల్లటి గాలి పంపే ఏహెచ్‌యూ (ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్) ఆగిపోయిన సంగతి అతనికి తెలియదు. తెర మీద మాత్రం ఆ సంగతి ఎప్పుడో నమోదై ఉంటుంది. ఇది ఆపరేటర్ నిర్లక్ష్యమని తేల్చేయడం అన్యాయం. మనిషి చదవగలిగిన దానికన్నా, చేయగలిగిన దానికన్నా ఎక్కువ హెచ్చరికలు పంపేలా వ్యవస్థను అమర్చినవారిదే ఇందులో అసలు బాధ్యత.

అలారం అంటే ఏమిటన్న ప్రశ్నకు పారిశ్రామిక రంగం చాలాకాలం కిందటే స్పష్టమైన సమాధానం ఇచ్చుకుంది. యంత్రం పాడైందనో, ప్రక్రియ దారి తప్పిందనో ఆపరేటర్‌కు తెలియజేస్తూ, అతను సకాలంలో ఏదో ఒకటి చేయవలసిన అవసరాన్ని సూచించేదే అలారం. చేయవలసింది ఏమీ లేకపోతే అది సమాచారం మాత్రమే. లాగ్‌లో ఉంటే చాలు. ఈ నిర్వచనం పుస్తకాల్లో పుట్టింది కాదు. 1994 జులై 24న బ్రిటన్‌లోని వేల్స్ తీరంలో, మిల్ఫర్డ్ హేవెన్ వద్ద ఉన్న టెక్సాకో రిఫైనరీలో భారీ పేలుడు జరిగి 26 మంది గాయపడ్డారు. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్లు 275 అలారాలను గుర్తించి, అక్నాలెడ్జ్ చేసి (చూశామని నమోదు చేసి), వాటిపై చర్య తీసుకోవలసి వచ్చిందని ఆ దేశపు ఆరోగ్య భద్రతా కార్యనిర్వాహక సంస్థ దర్యాప్తులో తేలింది. ఏ అలారం ముఖ్యమో, ఏది కాదో తేల్చుకునే వీలే వాళ్లకు దొరకలేదు. ఆ తర్వాత 1999లో పారిశ్రామిక పరికరాల వినియోగదారుల సంఘం ఈఈఎంయూఏ నుంచి ఈఈఎంయూఏ 191 అనే మార్గదర్శక గ్రంథం, 2009లో అమెరికాలో ఐఎస్ఏ 18.2 ప్రమాణం, 2014లో అంతర్జాతీయ స్థాయిలో ఐఈసీ 62682 వెలువడ్డాయి. మామూలు సమయంలో ఒక ఆపరేటర్‌కు సగటున పది నిమిషాలకు ఒక అలారం వస్తే తట్టుకోగలడని, పెద్ద అంతరాయం తర్వాత కూడా తొలి పది నిమిషాల్లో పదికి మించకుండా చూడాలని ఈఈఎంయూఏ సూచించింది.

రిఫైనరీల కోసం వేసిన ఈ లెక్కలు భవనాలకు వర్తించవని కొందరంటారు. నిజానికి భవనాల్లో పరిస్థితి ఇంకా కఠినం. రిఫైనరీ ఆపరేటర్‌కు తెర ముందు కూర్చోవడమే ఉద్యోగం. ఆఫీసు భవనంలో షిఫ్ట్ ఇంజనీర్ ప్లాంట్ రూమ్‌కు వెళ్లి రీడింగులు రాసుకోవాలి, ఫిర్యాదులు అందుకోవాలి, వచ్చిన వెండర్లను వెంటబెట్టుకొని తిరగాలి. రాత్రిపూట కంట్రోల్ రూమ్‌లో ఎవరూ లేని గంటలు కూడా ఉంటాయి. కాబట్టి పది నిమిషాలకు ఒకటి అన్నది కూడా ఇక్కడ ఎక్కువే.

ఇన్ని అలారాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలామటుకు కమిషనింగ్ దశలోనే, అంటే యంత్రాలను అమర్చి, పరీక్షించి, నడిపించే దశలోనే. టెండర్ పత్రంలో అన్ని పాయింట్లకూ (బీఎంఎస్‌కు అనుసంధానమైన ప్రతి రీడింగ్‌కూ, ప్రతి సంకేతానికీ) అలారం సదుపాయం ఉండాలని ఒక వాక్యం ఉంటుంది. భవనం అప్పగించాల్సిన తేదీ నెత్తిమీదికి వచ్చాక, కాంట్రాక్టరు ఇంజనీర్ ఒక ఏహెచ్‌యూకు అమర్చిన హద్దులనే మిగతా ఏహెచ్‌యూలన్నింటికీ కాపీ చేస్తాడు. సదుపాయం ఉండటం వేరు, దాన్ని అన్నిచోట్లా ఆన్ చేసి వదిలేయడం వేరు అన్న తేడా ఆ హడావిడిలో పోతుంది. దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక్క గది ఉష్ణోగ్రత అలారంలోనే చూడవచ్చు.

ఆఫీసు అంతస్తులో సెట్‌పాయింట్ (ఉంచవలసిన ఉష్ణోగ్రత) 24 డిగ్రీలు, అలారం హద్దు 27 డిగ్రీలు అనుకుందాం. రాత్రి ఎనిమిదికి షెడ్యూలు ప్రకారం ఏహెచ్‌యూ ఆగిపోతుంది. మే నెలలో పగలంతా ఎండకు కాలిన గోడలు, అద్దాలు రాత్రంతా లోపలికి వేడి వదులుతాయి కాబట్టి గంట తిరక్కముందే ఉష్ణోగ్రత 27 దాటుతుంది. ఇరవై అంతస్తులు, అంతస్తుకు నాలుగు సెన్సర్లు అయితే ప్రతి రాత్రీ 80 అలారాలు. ఇందులో ఏ ఒక్కటీ లోపాన్ని సూచించదు. యంత్రం తాను ఆగవలసిన వేళకే ఆగింది. ఫ్యాన్ నడుస్తున్నప్పుడు మాత్రమే, అదీ నడక మొదలై ముప్పావు గంట గడిచాక మాత్రమే ఈ హద్దును పరిశీలించమని చెబితే ఆ 80 అలారాలూ ఒక్క దెబ్బతో మాయమవుతాయి. భవన యంత్రాలు పరస్పరం మాట్లాడుకోవడానికి 1995లో అమెరికన్ ఇంజనీర్ల సంఘం ఆష్రే ప్రామాణికంగా ప్రచురించిన బ్యాక్‌నెట్‌లో ఇందుకు ప్రత్యేకంగా ఒక గుణం ఉంది. మరో పాయింటు స్థితిని బట్టి అలారం పరిశీలనను ఆపి ఉంచడమే దాని పని. యంత్రాలను నడిపించే పాత కంట్రోలర్లలో అది లేకపోయినా ప్రోగ్రామ్‌లో రెండు వరుసలు రాస్తే అదే ఫలితం వస్తుంది.

అదే సెన్సర్ పగటిపూట ఇంకో తంటా తెస్తుంది. గది 26.9, 27.1 డిగ్రీల మధ్య ఊగుతుంటే అలారం వస్తూ పోతూ, గంటలో ఇరవైసార్లు నమోదవుతుంది. దీనికి విరుగుడు డెడ్‌బ్యాండ్. హద్దు 27, డెడ్‌బ్యాండ్ 1 డిగ్రీ అయితే, ఒకసారి వచ్చిన అలారం ఉష్ణోగ్రత 26కు దిగేదాకా సాధారణ స్థితికి రాదు. దీనికి తోడుగా టైమ్ డిలే ఉంటుంది. విలువ అంతసేపు హద్దు దాటి ఉంటేనే అలారం లేస్తుంది. ఆఫీసు గదికి పది నిమిషాల డిలే పెట్టినా నష్టం లేదు. సర్వర్ గదికి అదే పది నిమిషాలు పెడితే మాత్రం ప్రమాదం. సర్వర్ల లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఆష్రే సిఫారసు. కూలింగ్ ఆగిపోతే ఒత్తుగా ర్యాకులు నిండిన గదిలో ఆ పై గీత దాటడానికి నిమిషాలు చాలు. డిలే అన్నది అలారాల గోల తగ్గించడానికి దొరికిన సులభమైన మీట. అందుకే దాన్ని ఆలోచన లేకుండా తిప్పే ప్రలోభం కూడా ఎక్కువే. ఆ పాయింటు వెనుక ఉన్న భౌతిక ప్రక్రియ ఎంత వేగంగా దిగజారుతుందో, మనిషి అక్కడికి చేరి సరిచేయడానికి ఎంత సమయం కావాలో, ఈ రెండింటి మధ్య మిగిలే వ్యవధిని మించి డిలే ఉండకూడదు.

ఫిల్టర్ అలారం మరో చక్కని ఉదాహరణ. ఏహెచ్‌యూ ఫిల్టర్‌కు అటూ ఇటూ ఉండే పీడన భేదం 250 పాస్కల్స్ దాటితే ఫిల్టర్ చోక్ అయిందని స్విచ్ చెబుతుంది. ఫ్యాన్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే పరికరం) ఉంటే, మధ్యాహ్నం వేగం పెరిగినప్పుడు పీడన భేదం హద్దు దాటి అలారం వస్తుంది, సాయంత్రం వేగం తగ్గగానే తనంతట తానే పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. గాలి ప్రవాహం తగ్గితే పీడన భేదం తగ్గడం సహజమే తప్ప, ఫిల్టర్ శుభ్రపడి కాదు. కాబట్టి ఆ రీడింగ్‌ను ఫ్యాన్ దాదాపు పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడే లెక్కలోకి తీసుకోవాలి, ఒకసారి వచ్చాక ఫిల్టర్ మార్చేదాకా నిలిపి ఉంచాలి. అంతకన్నా ముఖ్యంగా, ఈ సంకేతానికి ఆ క్షణంలో ఎవరూ పరుగెత్తనవసరం లేదు. ఈ వారం మార్చవలసిన ఫిల్టర్ల జాబితాలోకి చేరితే సరిపోయే సంగతిని అలారం పేజీలో ఎర్రగా నిలబెట్టడం వల్ల దాని పక్కన ఉన్న నిజమైన అలారానికి విలువ తగ్గుతుంది.

ఒక్కొక్క పాయింటును ఇలా సరిదిద్దడం ఒక ఎత్తు, కరెంటు పోయిన క్షణాన్ని ఎదుర్కోవడం ఇంకో ఎత్తు. వానాకాలం సాయంత్రం ఈదురుగాలికి భవనానికి కరెంటు తెచ్చే ఫీడర్ ట్రిప్ అయిందనుకుందాం. జనరేటర్ అందుకుని లోడ్ తీసుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. ఈ లోపల నడుస్తున్న ప్రతి చిల్లర్ (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రం), ప్రతి పంపు, ప్రతి ఏహెచ్‌యూ ఆగిపోతుంది. యూపీఎస్ మీద ఉన్న కంట్రోలర్లు బతికే ఉంటాయి కాబట్టి ఆగిన ప్రతి మోటారు గురించీ నిజాయితీగా అలారం పంపుతాయి. యూపీఎస్ లేని కంట్రోలర్లు ఆఫ్‌లైన్ అయిపోయి, ఆ ఆఫ్‌లైన్ సంగతే అలారంగా వస్తుంది. నిమిషం లోపల తెర మీద వందల వరుసలు పేరుకుంటాయి. ఇవన్నీ నిజాలే. కానీ ఒకే ఒక నిజాన్ని వందల నోళ్లతో చెబుతున్నాయి.

ఆ సమయంలో ఇంజనీర్‌కు కావలసిన సమాధానాలు కొన్నే. జనరేటర్ లోడ్ తీసుకుందా, లేదా? లిఫ్టులో ఎవరైనా చిక్కుకున్నారా? చల్లటి నీటి పంపులు మళ్లీ నడుస్తున్నాయా? కంప్రెసర్ వెంటవెంటనే ఆగి మొదలవకుండా కాపాడే టైమర్ గడువు ముగిశాక చిల్లర్ తిరిగి లేచిందా? అందువల్ల గ్రిడ్ సరఫరా పోయిందన్న ఒక్క అలారాన్ని తల్లిగా ఉంచి, దాని కింద ఆగిపోవడం సహజమైన యంత్రాల అలారాలన్నింటినీ కొన్ని నిమిషాలు ఆపి, ఆ వ్యవధి దాటాక కూడా తిరిగి లేవని యంత్రాలను మాత్రమే తెర మీదికి తేవాలి. అప్పుడు వందల వరుసల స్థానంలో మూడో నాలుగో మిగులుతాయి, వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు నడిచి వెళ్లవలసిన చోటును చూపిస్తుంది. ఆపి ఉంచిన అలారాలు లాగ్‌లో సమయంతో సహా నమోదు కావాలి. లేకపోతే తర్వాత ఏది ముందు ఆగిందో, ఏది తర్వాత ఆగిందో తేల్చుకోలేరు. భవనాల అలారాల్లో ఏ ఒక్క మార్పుకన్నా ఎక్కువ మేలు చేసేది ఇదే, అయినా ఎక్కువగా వాయిదా పడేదీ ఇదే. ఎందుకంటే దీనికి ఎలక్ట్రికల్, హెచ్‌వీఏసీ (ఏసీ, గాలి ప్రసరణ పనులు), బీఎంఎస్ కాంట్రాక్టర్లు ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి.

ఇక ప్రాధాన్యం. బ్యాక్‌నెట్‌లో ప్రతి అలారానికీ 0 నుంచి 255 వరకు ప్రాధాన్య సంఖ్య ఇవ్వవచ్చు. 0 అన్నిటికన్నా అత్యవసరం. ప్రాణరక్షణకు 0 నుంచి 31, ఆస్తిరక్షణకు 32 నుంచి 63 అంటూ ఆ ప్రమాణమే ఒక అనుబంధంలో విభజన సూచించింది. 256 మెట్లు ఉన్నాయి కదా అని అన్నీ వాడనక్కర్లేదు, మూడు నాలుగు చాలు. అత్యున్నత ప్రాధాన్యం మొత్తం అలారాల్లో దాదాపు 5 శాతానికి, మధ్యస్థం 15 శాతానికి, మిగతా 80 శాతానికి తక్కువ ప్రాధాన్యం అన్నది పారిశ్రామిక రంగంలో స్థిరపడిన నిష్పత్తి. ప్రాధాన్యాన్ని యంత్రం ఖరీదును బట్టి కాక, పట్టించుకోకపోతే జరిగే నష్టాన్ని, అది జరగడానికి పట్టే వ్యవధిని కలిపి చూసి నిర్ణయించాలి. మూడంతస్తుల సెల్లార్ పార్కింగ్ అడుగున చేరే నీటిని తోడేసే సంప్ పంపు, చిల్లర్‌తో పోలిస్తే చవకైన యంత్రం. జోరువాన పడుతున్న రాత్రి అది ట్రిప్ అయి, నీటిమట్టం పై ఫ్లోట్‌ను (నీటి ఎత్తును కనిపెట్టే స్విచ్‌ను) తాకితే, ఆ అలారం భవనంలోని చాలా అలారాలకన్నా ముందు వరుసలో ఉండాలి. అదే రాత్రి చిల్లర్ ఆగిపోయినా పొద్దున్నదాకా ఎవరికీ బాధ లేదు.

అగ్నిమాపక హెచ్చరికల విషయం ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. ఫైర్ అలారం ప్యానెల్ తన సొంత వైరింగ్‌తో, సొంత బ్యాటరీతో స్వతంత్రంగా పనిచేయాలి. బీఎంఎస్ ఆ ప్యానెల్ నుంచి సమాచారం అందుకుని చూపించవచ్చు తప్ప, మనుషులను బయటికి పంపే హెచ్చరిక బీఎంఎస్ సర్వర్ మీద ఆధారపడే పరిస్థితి ఎన్నటికీ రాకూడదు. రెండూ ఒకే తెర మీద కనిపించడం చూసి, రెండూ ఒకటేనని భ్రమపడే భవన యజమానులు ఉన్నారు.

ఆఫీసుల్లో అలారం వైఫల్యం అసౌకర్యంతో ముగియవచ్చు. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీ వంటి చోట టీకాలు, మందులు తయారుచేసే ప్లాంట్లలో ఆ వెసులుబాటు లేదు. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. క్లీన్ రూముల్లో ఒక శుభ్రతా శ్రేణి నుంచి పక్క శ్రేణికి కనీసం 10 పాస్కల్స్ పీడన భేదం ఉండాలని యూరప్ ఔషధ తయారీ నిబంధనలు చెబుతాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ భేదం క్షణకాలం పడిపోతుంది కాబట్టి డిలే తప్పనిసరి. కానీ ఆ డిలే ఎంతో, ఎందుకంతో రాతపూర్వకంగా సమర్థించుకోవాలి. ఎవరు అక్నాలెడ్జ్ చేశారు, ఏ సమయంలో చేశారు, ఏ కారణం రాశారు అన్నవన్నీ చెరపలేని రికార్డుగా మిగలాలి. ఔషధ ప్లాంట్ల అలవాట్లలో కొన్ని, ముఖ్యంగా హద్దు మార్చాలంటే కారణం రాసి సంతకం పెట్టే పద్ధతి, ఆఫీసు భవనాలూ అరువు తెచ్చుకోదగినవి.

అలారం సరిగ్గా పుట్టిందంటే సగం పనే అయింది. అది ఎవరికి, ఏ దారిలో, ఏ వేళకు చేరాలన్నది మిగతా సగం. బ్యాక్‌నెట్‌లో దీనికోసం నోటిఫికేషన్ క్లాస్ అనే వస్తువు ఉంటుంది. వారంలో ఏ రోజుల్లో, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎవరికి పంపాలో అందులో రాసుకోవచ్చు. విలువ హద్దు దాటినప్పుడు, సెన్సరే పాడైనప్పుడు, అంతా సర్దుకున్నప్పుడు అని మూడు మార్పులకూ వేర్వేరుగా పంపే ఏర్పాటు కూడా ఉంది. ఈ మూడింటి తేడా చాలాచోట్ల వృథాగా పోతోంది. ఉష్ణోగ్రత సెన్సర్ తీగ తెగితే సాధారణంగా వాడే థర్మిస్టర్ (వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే సెన్సర్) రకంలో రీడింగ్ నమ్మశక్యం కాని మైనస్ డిగ్రీలకు పడిపోతుంది. అది గది చల్లబడిందన్న అలారం కాదు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌కు చేరవలసిన లోపం. ఏసీ మెకానిక్‌ను అర్ధరాత్రి లేపి పంపితే అతనికి చేయడానికేమీ ఉండదు.

వాట్సాప్ గ్రూపులో అన్ని అలారాలూ పడేయడం ఈమధ్య పెరిగిన అలవాటు. ముప్పై మంది చూసే గ్రూపులో ఏ సందేశానికీ బాధ్యుడంటూ ఒకరు ఉండరు. ఎవరో చూసుకుంటారని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అత్యవసర అలారం ముందు ఒకే ఒక్క మనిషికి వెళ్లాలి, నిర్ణీత వ్యవధిలో అతను అక్నాలెడ్జ్ చేయకపోతే పై వ్యక్తికి చేరాలి. అక్నాలెడ్జ్ చేయడం అంటే చూశాననే అర్థం, సరిచేశానని కాదు. అందుకే అక్నాలెడ్జ్ అయినా ఇంకా సర్దుకోని అలారాలను విడిగా, మసకబారకుండా చూపించాలి.

ఎస్ఎంఎస్ దారిలో మన దేశంలో ఒక చిక్కు ఉంది. వాణిజ్య గేట్‌వే ద్వారా పంపే సందేశాల పాఠాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ముందుగా డీఎల్‌టీ అనే టెలికాం సంస్థల నమోదు వేదికలో టెంప్లేట్‌గా నమోదు చేయించాలి. పంపే సందేశం ఆ టెంప్లేట్‌తో సరిపోలకపోతే టెలికాం సంస్థ దాన్ని ఆపేస్తుంది. మంచి ఉద్దేశంతో ఎవరో అలారం వాక్యాన్ని సవరిస్తారు. బీఎంఎస్ తన వంతుగా సందేశం పంపినట్టే నమోదు చేసుకుంటుంది. ఫోన్‌కు మాత్రం ఏమీ రాదు. అలారాలు రాకపోవడాన్ని అంతా బాగుందని పొరబడటం ఇలాంటి చోటే జరుగుతుంది. ప్రతి ఉదయం ఒక నిర్ణీత సమయానికి ఒక పరీక్షా సందేశం బయలుదేరి, అది అందలేదని గుర్తించే బాధ్యత ఒక మనిషికి అప్పగించి ఉంటే ఈ మౌనం ఒక రోజుకు మించి సాగదు.

సందేశంలోని మాటలూ ముఖ్యమే. ‘ఏహెచ్‌యూ 03 ఎస్ఏటీ హై’ అన్న వరుస దాన్ని రాసిన ప్రోగ్రామర్‌కు అర్థమవుతుంది. ‘ఏడో అంతస్తు తూర్పు ఏహెచ్‌యూ: ఫ్యాన్ నడుస్తోంది, వదిలే గాలి 21 డిగ్రీలు, ఉండవలసింది 14, చల్లటి నీటి వాల్వ్ చూడండి’ అంటే నెల కిందట చేరిన టెక్నీషియన్ కూడా ఎక్కడికి వెళ్లాలో, ఏ పనిముట్లు పట్టుకెళ్లాలో తెలుసుకుంటాడు. కొత్త బ్యాక్‌నెట్ పరికరాలు యూనికోడ్‌ను అంగీకరిస్తాయి కాబట్టి, సర్వరూ ఫోనూ సహకరించిన చోట ఈ వాక్యాన్ని తెలుగులోనే పంపడానికి సాంకేతికంగా అడ్డు లేదు. పగలంతా తెలుగులో మాట్లాడుకునే సిబ్బందికి అర్ధరాత్రి వచ్చే హెచ్చరిక తెలుగులో ఉండటం ఆలోచించదగిన సంగతి.

నడుస్తున్న భవనంలో అలారాల జాబితా తనంతట తాను బాగుపడదు. మరమ్మతులో ఉన్న పంపు అలారాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టవలసి వస్తుంది. ఆ సదుపాయానికి గడువు తప్పనిసరిగా ఉండాలి, ఎనిమిది గంటలో, ఇరవై నాలుగు గంటలో గడిచాక అది తిరిగి పనిలోకి రావాలి. గడువు లేకుండా డిసేబుల్ చేసిన అలారం, పంపు బాగైన ఏడాది తర్వాత కూడా మూగగానే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన మనిషి అప్పటికి ఇంకో సైట్‌కు మారిపోయి ఉంటాడు. అలాగే వారానికోసారి అత్యధికంగా మోగిన పది పాయింట్ల జాబితా తీస్తే, మొత్తం అలారాల్లో పెద్ద భాగం వాటి నుంచే వస్తున్నట్టు సాధారణంగా కనిపిస్తుంది. ఒక వదులైన తీగ, తప్పుగా అమర్చిన ఒక స్విచ్, నిలకడ లేకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగే ఒక వాల్వ్. వాటిలో వారానికి రెండు సరిచేసుకున్నా మూడు నెలల్లో తెర రూపు మారిపోతుంది.

కొత్త భవనాల్లో ఈ శ్రమ చాలావరకు తప్పించుకోవచ్చు. ప్రతి అలారానికీ కారణం, పట్టించుకోకపోతే జరిగే నష్టం, చేయవలసిన పని, దానికున్న వ్యవధి రాసిన పట్టికను అప్పగింత పత్రాల్లో తప్పనిసరి చేసి, ఆ నాలుగు గళ్లూ నింపలేని పాయింటుకు అలారం ఆన్ చేయనివ్వకూడదు. ఆ తర్వాత, చివరి బిల్లు చెల్లించే ముందు, భవనం నిండు లోడ్ మీద ఉన్న వేళ ప్రధాన బ్రేకర్‌ను కావాలని తెరిచి, పది నిమిషాల్లో తెర మీదికి ఎన్ని అలారాలు వచ్చాయో, అవి ఎవరి ఫోన్లకు చేరాయో కాంట్రాక్టర్ సమక్షంలోనే లెక్కపెట్టాలి. ఆ లెక్క పది దాటితే సవరించి మళ్లీ పరీక్షించాలన్న షరతును టెండర్‌లోనే రాసుకోవాలి.